ముక్కల గీతలో వృత్తం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నీ పని గురించి పది నిమిషాలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. నా పని యంత్రభాగాల డ్రాయింగులు చూడటం. అందులో బయటివాళ్లకు కనబడని ఒక చిక్కు చెబుతాను. అంతా హైస్కూలు రేఖాగణితమే, భయపడకండి.

కంప్యూటర్లో గీసిన వృత్తానికి కేంద్రం, వ్యాసార్ధం ఉంటాయి. కానీ డ్రాయింగు ఒక సాఫ్ట్‌వేరు నుంచి ఇంకోదానికి మారినప్పుడో, పాత కాగితాన్ని స్కాన్ చేసి గీతలుగా మార్చినప్పుడో ఆ వంపు చాలాసార్లు చిన్న చిన్న సరళరేఖల గొలుసైపోతుంది. దాన్ని పాలీలైన్ అంటాం. తెర మీద గుండ్రంగానే కనిపిస్తుంది.

1000 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు రింగు 36 ముక్కలుగా వచ్చిందనుకోండి. మూల నుంచి ఎదుటి మూలకు కొలిస్తే 1000. ముక్క మధ్య నుంచి ఎదుటి ముక్క మధ్యకు కొలిస్తే 996.2. కోత యంత్రం అమాయకపుది. ముక్కలిస్తే ముక్కలే కోస్తుంది, అంచున పలకలు తేలతాయి. అక్కడ రబ్బరు సీలు సరిగ్గా కూర్చోదు. ఒకచోట ఇలాంటి రింగులు లాటు మొత్తం తుక్కులోకి వెళ్లాయి. నింద ఫైలు పంపిన కొత్త కుర్రాడి మీద పడింది. పాపం, వాడు వచ్చింది వచ్చినట్టే పంపాడు. వృత్తాన్ని విరిచింది అంతకు ముందెవరో.

ఆటోక్యాడ్‌లో పెడిట్ అనే ఆదేశం ఉంది. అందులో ‘ఫిట్’ నొక్కితే ప్రతి మూల గుండా చాపాలు పడతాయి. నున్నగానే ఉంటుంది గాని, స్కాన్ చేసిన గీతైతే డజను వ్యాసార్ధాలు తేలతాయి. ‘స్ప్లైన్’ మామూలుగా మధ్య మూలలను తాకనే తాకదు. కొలత ముఖ్యమైన చోట నేను రెండూ వాడను.

రెండు జ్యాల లంబ సమద్విఖండన రేఖలు కేంద్రం దగ్గర కలుస్తాయని ఈ బడి నల్లబల్ల మీదే నేర్చుకున్నాం. అదే చేస్తాను. వంపు మొదట్లో ఒక మూల, మధ్యలో ఒకటి, చివర ఒకటి పట్టుకుని మూడు బిందువుల చాపం వేస్తాను. మూడూ దగ్గర దగ్గరగా తీసుకుంటే వెంట్రుకవాసి తేడా కూడా వ్యాసార్ధాన్ని ఎక్కడికో తీసుకుపోతుంది. తర్వాత మిగిలిన మూలలు ఆ చాపానికి ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి. అన్నీ దాని మీదే ఉంటే సరే. కొన్ని పక్కకు జరిగితే అది ఒకే చాపం కాదు. వంపు మారిన చోట విడగొట్టాలి. ఇది చేసే ప్రోగ్రాములున్నాయి. కానీ ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో మనమే చెప్పాలి.

కంప్యూటర్ లేకపోయినా దారుంది. విరిగిన రింగు ముక్క మీద 600 జ్యా, దాని మధ్య 100 శరం వచ్చాయనుకోండి. సగం జ్యా 300, దాని వర్గం 90,000. 100తో భాగిస్తే 900, 100 కలిపితే 1000. అదే వ్యాసం. ఆర్యభటుడు గణితపాదంలో చెప్పిన సూత్రమే ఇది. మన రైల్వేవాళ్లు పట్టాల వంపును 20 మీటర్ల జ్యా మీద శరం కొలిచే చూస్తారు. 500 మీటర్ల వ్యాసార్ధానికి శరం 100 మిల్లీమీటర్లు.

మార్చకూడని గీతలూ ఉన్నాయి. పొలం హద్దు సర్వే రాయి నుంచి రాయికి కొలిచిన తిన్నని గీత అయినప్పుడు, మ్యాపులో అందంగా ఉంటుందని దాన్ని వంచకూడదు. 30 మీటర్ల ముక్కకు మధ్యలో అర మీటరు ఉబ్బు ఇస్తే 10 చదరపు మీటర్లు, అంటే దాదాపు 12 గజాల నేల అవతలివాడి నుంచి ఇవతలివాడికి వచ్చేస్తుంది. అలాంటి డ్రాయింగు నా దగ్గరికొస్తే ముక్కలు ముక్కలుగానే ఉంచేస్తాను.