నలుగురు ఏమనుకొందురు?



నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొనువాడను. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లమీదనే, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదివితిని. నాడు కొందరు “లెక్కలవానికి పద్యములెందుకు? నలుగురు ఏమనుకొందురు?” అని నవ్విరి. ఆ నలుగురెవరో తేల్చ యత్నించితిని. ఒక్క పేరును చిట్టాకెక్కలేదు.

నాకు తగిలినది నవ్వు మాత్రమే. అంతకన్న బరువైన కట్టుబాటును దాటినవారు మన సికింద్రాబాదులోనే పుట్టిరి. శ్రీమతి టి. ఎన్. సదాలక్ష్మిగారు 1928లో జన్మించిరి. పారిశుద్ధ్యపు పనిని పుట్టుకతోనే అంటగట్టిన మెహతరు కులము వారిది. తాతలు పట్టిన చీపురే మనుమలును పట్టవలెననుట లోకము ఆ వాడకు విధించిన మర్యాద. ఆమె పలక పట్టిరి. 1957లో శాసనసభకు ఎన్నికైరి. 1960 నుండి 1962 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతిగా నుండిరి. ఆ పీఠమెక్కిన తొలి మహిళ వారే. దేవాదాయశాఖ మంత్రిణిగను పనిచేసిరి. లెక్కలవాడనగుటచే ఈ సంగతి నాకు మిక్కిలి ప్రియము: ఎవరిని గుడి గడప తొక్కనీయలేదో, వారి ఆడపడుచు బల్లమీదికే గుళ్ల జమాఖర్చులు వచ్చినవి!

ఏకలవ్యుడు ఒంటరిగా విద్య నేర్చెను; అడిగినంతనే బొటనవ్రేలు కోసి యిచ్చెను. ఈమె ఇయ్యలేదు. తాము చేరిన చోటికి తమవారిని పిలిచిరి. 1969 తెలంగాణ ఉద్యమమున, పిదప మాదిగ దండోరా పోరాటమున నిలిచి, 2004లో కన్నుమూసిరి.

నలుగురి మాట యెల్ల త్రోసివేయుడని నేననను. అప్పు చేయకుము, అబద్ధమాడకుము అన్న వినవలసినదే. చదువకుము అన్నప్పుడు మాత్రము వినరాదు.

ఇక మన లెక్క. ఈ సంచిక కొరకు ఇరువదియైదేండ్ల రిజిస్టరులు తిరగవేసితిని. పదవ తరగతి దాటగానే పలువురు బాలికల పేర్లు ఆగిపోయినవి. పుస్తకము తిరిగి యిచ్చిన సంతకమున్నది. మరల తీసికొనిన సంతకము లేదు. అందులో మా పెద్దమ్మాయి సంతకము కూడ నున్నది. కాలేజీకి పోదునని అది ఏడ్చిననాడు “నలుగురు ఏమనుకొందురు?” అన్నది నేనే.

ఇన్నేండ్లు వెదకిన నలుగురిలో మొదటి పేరు దొరకినది. అది నాది. దానిని నేడు మీ యెదుట కొట్టివేయుచున్నాను. తక్కిన మూడు పేర్లు ఎవరివో వారే చూచుకొని కొట్టివేయుదురు గాక.

సెలవు.