ఆపద్వైద్య శిక్షణము - మధుమేహము గల మన విద్యార్థులు



మన సంఘ విద్యానిధి నుండి వేతనము పొందుచున్న పిల్లలలో కొందరు ఆపద్వైద్యము నభ్యసించుచున్నారు. 108 వాహనములో రోగి చెంత కూర్చుండి, ఆసుపత్రి చేరువరకు వాని ప్రాణము నిలుపు సహాయకుల పని యిది. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ప్రారంభమైన ఈ సేవను నేడు మన పల్లెలలో నెరుగని వారు లేరు. చిన్ననాడే మధుమేహము సంక్రమించిన పిల్లలు ఈ శిక్షణలో చేరవచ్చునా, చేరినచో మనము వారికి చేయదగిన దేమి, అను విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

నడివయస్సున వచ్చు మధుమేహము మనలో ఇంటింటను కలదు గనుక దానిని గూర్చి చెప్పబనిలేదు. పిల్లలకు తరచుగ వచ్చునది వేరు. క్లోమగ్రంథిలో ఇన్సులినును పుట్టించు కణములను శరీరమే నశింపజేసికొనును. పథ్యముచేతను, కషాయములచేతను మానునది కాదు. జీవితాంతము సూదిమందు తప్పదు. 1921లో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వెలికి తీసిరి. 1922 జనవరిలో తొలిసారిగ ఒక బాలునకు దానిని ఇచ్చిరి. అంతకు పూర్వము ఈ వ్యాధి సోకిన పిల్లలు పెరిగి పెద్దవారగుట అరుదు. నేడు వారు చదివి, ఉద్యోగమడుగుచున్నారు.

వీరికి పనిలో ముఖ్యముగ కలుగు భయము రక్తములో చక్కెర పడిపోవుట. డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకు తగ్గినచో చేతులు వణకును, చెమటలు పోయును. ఇంకను తగ్గినచో మాట తడబడును, బుద్ధి మందగించును. ఆలస్యమైన భోజనము, స్ట్రెచరు మోయుట, మెట్లెక్కుట దీనికి కారణములు. పగటి శ్రమ ఫలము రాత్రి నిద్రలో కనబడుటయు కలదు. తెలివి యుండగనే 15 గ్రాముల గ్లూకోజు, అనగా సుమారు మూడు చెంచాల చక్కెర, పుచ్చుకొని 15 నిమిషములకు మరల పరీక్షించుకొనవలెను. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయరాదు. మన యిండ్లలో ఆత్రముకొలది నీళ్లు, పాలు పోయుదురు. అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయగలదు.

ఇట్టివారికి ఇంతటి పని యేల యని కొందరు పెద్దలు మమ్మడిగిరి. ఆ శిక్షణ మేమి బోధించునో చూడుడు. ప్రమాదస్థలమున దిగినవెంటనే ముందుగ తన క్షేమమును చూచుకొమ్మని మొదటి పాఠము. గుండె ఆగినవాని రొమ్ముపై నిమిషమునకు 100 మొదలు 120 మారులు నొక్కవలెను. కాని రెండు నిమిషముల కొకమారు నొక్కువారు మారవలెనని నియమము. ఎంతటి వస్తాదు చేయియైనను అలసినపుడు తనకు తెలియకయే లోతు తప్పును. దేహమునకు హద్దు కలదని ఒప్పుకొనియే ఆ శాస్త్రము పుట్టినది. ఆ హద్దును దినమున కైదారు మారులు కొలిచి చూచుకొను పిల్లవాడు దానికి పరాయివాడు కాడు.

అయినను ఒక మాట దాచరాదు. చక్కెర పడిపోవుచున్న గుర్తులు ముందుగ తెలియని రోగులు కొందరు కలరు. అట్టివారు వైద్యునిచే అది చక్కబడువరకు రోగి చెంత ఒంటరిగ నుండరాదు. బండి నడుపు పైలట్ పని అంతకంటెను కఠినము. ఈ విషయమున జాలి పనికిరాదు.

మాకు తోచినంతవరకు, వ్యాధికంటె దానిని దాచుటయే హెచ్చు ప్రమాదము. దాచుటకు కారణ మెవరు? మనమే. మే మెరిగిన యొక బాలిక వసతిగృహములో ఇన్సులిను కలమును కాటుక డబ్బాల నడుమ దాచుకొనెడిది. ఒకనాడు మధ్యాహ్నపు టన్న మాలస్యమై, బొమ్మపై రొమ్ము నొక్కు అభ్యాసములో ఆమె చేతులు వణకగా, తోడివారు పిరికితనమని నవ్విరి. ఆమె అప్పుడే నిజము చెప్పివేసెను. శిక్షకుడు కోపింపలేదు, ఆమె జేబులో గ్లూకోజు పొట్లము ఎచట నుండునో జతగా పనిచేయు పిల్లకు చూపించి, అన్నపు వేళ తప్పనీయకుండ చూచెను. ఇంటికి పోగా తల్లి, “పెండ్లి కావలసిన పిల్లవు, ఊరంతా చాటుకొంటివటే!” అని ఏడ్చినదట. ఆ తల్లిని మేము తప్పుపట్టము. ఆ భయమును ఆమెకు నేర్పినది సంబంధములు కుదుర్చు మన పెద్దల వాకిళ్లే కదా!

ప్రభుత్వము వలన ప్రత్యేకపు హక్కు వచ్చునన్న ఆశయు స్వల్పమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము లోని 21 వైకల్యములలో హీమోఫీలియా, తలసేమియా వంటి రక్తవ్యాధు లున్నవి, మధుమేహము లేదు. కాన సంఘమే పూనుకొనవలసియున్నది.

మేము కోరునవి పెద్దవి కావు. వాడని ఇన్సులినును 2 మొదలు 8 డిగ్రీల చలువలో నుంచవలెను, గడ్డకట్టినచో పారవేయవలసినదే. వాడుచున్నది నీడపట్టున సుమారు నాలుగు వారములు నిలుచును గాని, మే నెలలో ఎండన నిలిపిన వాహనములో నిలువదు. కావున వసతిగృహమున కొక ఫ్రిజ్జు కావలెను. విద్యుత్తు పోయినపుడు తడిగుడ్డ చుట్టిన మట్టికుండ అక్కరకు వచ్చును. పరీక్షపట్టీల ఖర్చు నెలనెలా పడునది గనుక దానిని విద్యార్థివేతనములో చేర్చవలెను. మూడవది వంటవానికి సంబంధించినది: సూది వేసికొనిన పిల్లకు ఏకాదశి యనియు, కార్తిక సోమవారమనియు అన్నము నిలుపరాదు.

ఇక వధూవరుల పట్టికను గూర్చి. వ్యాధి సంగతి ఇరుపక్షములవారు నిశ్చయమునకు పూర్వమే ముఖాముఖి మాటలాడుకొనవలసినదే; దాచి పెండ్లి చేయుట ద్రోహము. కాని ఆ పట్టిక తయారుచేయు పెద్దలు, ఇన్సులిను పుచ్చుకొను పిల్ల పేరు విన్నంతనే కాగితము మడిచివేయుట మానవలెనని మా ప్రార్థన. ఫ్రిజ్జు ధర, పట్టీల ధర తెలిసికొని కోశాధికారిగారికి చీటి నిచ్చియున్నాము. సాయంకాలము కార్యవర్గము కూడునప్పుడు చందాదారులు కూడ దయచేసి కూర్చుండవలెనని కోరుచున్నాము.