బెదిరిన కావలి కుక్క



విత్తనాలను గురించో ఎరువులను గురించో చెప్పే మనిషి, ఈ పూట కుక్కను గురించి ఎత్తుకున్నాడేమా అనుకుంటారు. కళ్లంలో గింజకు, దొడ్డిలో గొర్రెకు రాత్రిళ్లు కాపలా ఎవరిదో మీకు తెలియనిది కాదు గదా!

మొన్న వేసవిలో ఒక గొర్రెల కాపరి తన కుక్కను నాకు చూపించాడు. పది నెలల మగకుక్క. మొదట హుషారుగానే ఉండేదట. ఒక రాత్రి దొడ్డిలో చొరబడ్డవాడెవడో దాని నడుము మీద కర్రతో కొట్టిపోయాడు. అది మొదలు కొత్త మనిషిని చూస్తే మంచం కింద దూరుతున్నది. దగ్గరకు పోతే చటుక్కున కరచి మళ్లీ లోపలికి పోతున్నది. పక్కింటి పిల్లవాని పిక్క కూడా కరచింది. "ఇది పనికిరాదండీ, ఎక్కడైనా వదిలేసి వస్తా" అన్నాడాయన. ఊళ్లోవాళ్లు కారం కలిపిన ముద్ద పెట్టమన్నారు, పస్తు పెట్టి కొట్టమన్నారు. ఆ రెండు పనులూ చేయవద్దని చెప్పాను.

ముందు పిల్లవాని సంగతి చూడవలె. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. సున్నం, పసుపు, కారం ఏదీ పూయరాదు. వెంటనే ఆసుపత్రికి పోయి, వారు చెప్పిన తేదీలన్నిటికీ సూదిమందు వేయించాలి. ఒకటి మానినా ముప్పే. రేబిస్ వ్యాధి లక్షణాలు కనబడిన తర్వాత బతికించడం దాదాపు అసాధ్యం. కుక్కపిల్లకు మూడవ నెలలో టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ వేయించాలి. టీకా లేని కుక్కతో నేను చెప్పబోయే పనులేవీ మొదలుపెట్టవద్దు.

ఇక కుక్క సంగతి. కాటులో రెండు రకాలున్నాయి. ధైర్యమున్న కుక్క ముందుకు నిలబడి, గొంతు నిండా మొరుగుతుంది; పడితే నోటినిండా పడుతుంది. భయపడ్డ కుక్క తోక కాళ్ల సందున పెట్టి, చెవులు వెనక్కు వాల్చి, ముందు పళ్లతో చటుక్కున కొరికి వదిలేస్తుంది. చూసేవాళ్లు రెంటినీ పౌరుషమే అనుకుంటారు. రెండవది దొంగకంటె ఇంటి పిల్లలకే ప్రమాదం.

నేను పశువైద్యుణ్ణి కాను. అందుకని ముందుగా నడుము పరీక్ష చేయించమన్నాను. నొప్పి ఉన్న కుక్కకు ఏ నేర్పూ ఎక్కదు.

తర్వాత రెండు వారాలు దానికి పరీక్షలేవీ పెట్టవద్దు. పొట్టి పలుపుతో కట్టవద్దు. పారిపోయే దారి లేదని తోచినప్పుడే అది కరుస్తుంది. పది గజాల తాడు చాలు. తెలిసిన మనిషి నొకణ్ణి, కుక్క చూస్తుంది గాని ముడుచుకోదు అనేంత దూరంలో నడిపించండి. ముప్పై అడుగులైతే ముప్పై. అతడు దాని కళ్లలోకి చూడరాదు, తల మీద చేయి చాపరాదు. రొట్టెముక్క పడవేసి తన దారిన పోవాలి. రోజూ ఒకటి రెండడుగులు దగ్గర. కుక్క జంకితే నిన్నటి దూరానికే వెనక్కు. ఇక్కడే మనవాళ్లు తొందరపడతారు. ఒక్క రోజు తొందర పది రోజుల పని చెడగొడుతుంది.

ధైర్యం వచ్చాక పట్టు నేర్పండి. గోనెపట్ట ముక్కకు తాడు కట్టి, ఎలుక పారిపోతున్నట్టు నేల మీద దూరంగా లాగాలి. మొహం మీదికి తోయరాదు. పట్టుకోగానే కొంచెం గుంజి, దానికే వదిలేయండి, గెలిచి మోసుకుపోనీయండి. మూడు నాలుగు సార్లు, ఇంకా కావాలని అది అడుగుతుండగానే ఆపాలి. పాలపళ్లు ఊడే వయసులో, అనగా నాలుగు నుంచి ఏడు నెలల మధ్య, గుంజవద్దు. "వదులు" అన్న మాట కూడా అప్పుడే నేర్పాలి: రొట్టెముక్క చూపండి, పట్ట వదలగానే ముక్క ఇచ్చి, పట్టను మళ్లీ ఆటకివ్వండి. దవడలు విడదీసి లాక్కోరాదు. వదలడం రాని కుక్కకు పట్టడం ఇంకా నేర్పడం తప్పు.

ఆపైన ఆ మనిషి గోనెపట్టతో వచ్చి, కుక్క ఒక్కసారి మొరగగానే ఉలిక్కిపడి పారిపోవాలి. తన మొరుగుకు మనిషి వెనుదిరిగాడని తెలిసినప్పుడు దాని ఛాతీ ఎట్లా పొంగుతుందో చూడవలసిందే! కర్రను మొదట నేల మీద పడి ఉండనీయండి, కొన్నాళ్లకు అతని చేతిలో. ఎత్తరాదు.

మనిషి చేయి పట్టించడం మటుకు నేర్పకండి. అది పోలీసు జాగిలాలకు, మందపాటి చేతితొడుగుతో, శిక్షకుల చేతుల్లో జరిగే పని. మన కుక్క నిలబడి మొరిగితే చాలు, మీరు లేస్తారు. అజాగ్రత్తగా వదిలిన కుక్క ఎవరినైనా కరిస్తే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను కింద యజమానే జవాబు చెప్పుకోవాలి.

ఆ కాపరి దగ్గరకు మూడు నెలల తర్వాత వెళ్లాను. కుక్క దొడ్డి వాకిట్లో నిలబడి నన్ను గట్టిగా మొరిగింది. ఆయన పేరు పెట్టి పిలిస్తే ఆగింది. చేతికర్ర ఎత్తినవాణ్ణి చూస్తే ఇప్పటికీ రెండడుగులు వెనక్కు వేస్తుందట. మంచం కిందికి మాత్రం పోవడం లేదు. పిల్లవాడు తన సూదిమందులన్నీ పూర్తి చేసుకున్నాడు. ఇప్పుడు గోనెపట్ట లాగేది వాళ్ల నాన్నే.

సెలవు.