రేడియోలో రాజకీయ వాదము – సభాధ్యక్షుని పాలు



కౌరవసభలో ద్రౌపది యడిగిన ప్రశ్నకు పెద్దలు బదులు పలుకకుండగా, విదురుడు పూర్వకథ యొకటి వినిపించెను. ప్రహ్లాదుని కుమారుడు విరోచనునకును, అంగిరసుని కుమారుడు సుధన్వునకును ఎవరధికులను వివాదము పుట్టి, తీర్పు ప్రహ్లాదునిపై బడెను. ఒకవంక కన్నకొడుకు. ఆయన కశ్యపుని ధర్మమడుగగా, కశ్యపుడు పాపమును పాళ్లు వేసి చూపెను. నింద్యమైన పనిని సభ నిందింపనిచో అందు సగము అధ్యక్షునకు, పావు చేసినవానికి, పావు ఊరకున్న సభ్యులకు. చేసినవానికంటె సభ నడపువానికి రెట్టింపు! శిస్తు లెక్కలకు అలవాటుపడిన వారికి ఈ పంపకము మొదట వింతగా తోచును. ఆలోచించినకొలది సరియైన లెక్క యిదియే యని తెలియును. ప్రహ్లాదుడు కొడుకునకు ప్రతికూలముగనే తీర్పు చెప్పెను.

రేడియో స్టేషను నేటి సభ. మాటలాడువాడొకడు, వినువారు వేలకొలది. మైకు నిచ్చినవాడు అధ్యక్షుడు. అతని పాలెంత యను ప్రశ్న అమెరికా దేశమున తీవ్రముగా చర్చింపబడినది.

అచ్చట కాఫ్లిన్ అను మతగురువు 1926లో డెట్రాయిట్ స్టేషనునుండి ప్రసంగములారంభించెను. మొదట మతము, పిదప రాజకీయము, తుదకు యూదులపై ద్వేషము. 1938 నవంబరు 9, 10 తేదీలలో జర్మనీలో యూదుల యిండ్లు, అంగళ్లు, ప్రార్థనామందిరములు ధ్వంసమయ్యెను. నవంబరు 20న కాఫ్లిన్ ఆ దౌర్జన్యమును సమర్థించు ధోరణిలో మాటలాడెను. దానిని ప్రసారము చేసిన స్టేషన్లలో న్యూయార్కునందలి డబ్ల్యు.ఎం.సి.ఏ. యొకటి. ప్రసంగము ముగిసినంతనే, అందు అసత్యములు కలవని స్టేషనువారు శ్రోతలకు తెలిపిరి. మరుసటి ప్రసంగపు ప్రతిని ముందుగా పంపవలెననిరి. అతడు పంపలేదు, వారు ప్రసారము చేయలేదు. అతని అనుచరులు నెలల తరబడి స్టేషను ముందు నిలిచి నిరసన తెలిపినను వారు చలింపలేదు. ఏ చట్టమును వారినిట్లు చేయుమని నిర్బంధింపలేదు. అందువలననే యిది చెప్పుకొనదగినది.

1949లో అమెరికా ప్రసారసంఘము నియమమొకటి చేసెను. వివాదాస్పద విషయములను స్టేషన్లు ప్రసారము చేయవలెను, ఉభయపక్షములకును న్యాయముగా తావీయవలెను. ఈ నియమము పెన్సిల్వేనియాలోని రెడ్ లయన్ అను చిన్న ఊరి స్టేషనువద్ద పరీక్షకు వచ్చినది. 1964 నవంబరులో హార్గిస్ అను బోధకుడు పావుగంట కార్యక్రమమున ఫ్రెడ్ కుక్ అను రచయితను నిందించెను. కుక్ జవాబు చెప్పుటకు ఉచితముగా సమయమడిగెను. స్టేషనువారు పంపినది రేటుకార్డు! పావుగంటకు వెల ఏడున్నర డాలర్లు. ఆ ఏడున్నర డాలర్ల వ్యాజ్యము దేశపు అత్యున్నత న్యాయస్థానమువరకు పోయెను. 1969 జూన్ 9న తీర్పు వెలువడెను. ప్రసారకుల హక్కుకంటె శ్రోతల హక్కే గొప్పదని న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పిరి.

ఇంతటితో ధర్మము జయించెనని కథ ముగింపరాదు. ప్రత్యర్థుల కార్యక్రమములను అణచుటకు రాజకీయపక్షము వారే యిట్టి ఫిర్యాదులను ప్రోత్సహించిరని ఫ్రెడ్ ఫ్రెండ్లీ అను పాత్రికేయుడు 1975లో వ్రాసెను. చిక్కులకు వెరచి స్టేషన్లు వివాదవిషయములనే విడుచుచున్నవని పలువురు వాదించిరి. అందును నిజము కలదు. 1987లో నియమము రద్దయ్యెను. మరుసటి యేడు రష్ లింబా కార్యక్రమము దేశమంతట ప్రసారము కాజొచ్చెను. ఏకపక్షపు వాదమునకు, ఎత్తిపొడుపునకు శ్రోతలు విరివిగా దొరకిరి. ప్రకటనలును దొరకెను. స్థానిక స్టేషనువాడు ఎచ్చటినుండియో వచ్చు మాటను అందించు గొట్టమయ్యెను.

అయినను అతని చేతిలో ఉపాయము లేకపోలేదు. ఫోనులో పిలిచినవాని మాట కొన్ని క్షణములు ఆలస్యముగా వెలువడునట్లు యంత్రము కలదు. ఆలోగా మీట నొక్కి తిట్టును ఆపవచ్చును. బూతుమాటకు ఆ మీట నొక్కువారు, ఒక కులమునో మతమునో పురుగులని పిలిచినపుడు చేతులు కట్టుకొని కూర్చుండుట యే న్యాయము?

మన దేశమున ఆకాశవాణి 1977 ఎన్నికలనుండి గుర్తింపు పొందిన పక్షములకు సమయము కేటాయించుచున్నది. ప్రసంగపాఠము ముందుగా చూపవలెను. వాడి తగ్గినదని నిట్టూర్చువారుందురు గాని, ఇంటిల్లిపాదియు కూర్చుండి వినదగిన మాటకు ఆ చప్పదనము పెద్ద వెల గాదు.

ఇక సముదాయ రేడియోలు. మెదకు సీమలోని మాచనూరునందు 2008 అక్టోబరు 15న ఆరంభమైన సంఘం రేడియోను పల్లెస్త్రీలు నడిపిరి. విత్తనములు, పంటలు, పాటలు వారి విషయములు. సముదాయ రేడియోలు స్వయముగా రాజకీయవార్తలను ప్రసారము చేయరాదని నిబంధన కలదు. దానిని సడలింపవలెనని కోరువారు కలరు. సడలినచో రెడ్ లయన్‌కు వచ్చిన ఉత్తరమువంటిది పల్లె స్టేషనునకును వచ్చును. నిందింపబడినవాడు పావుగంట యడుగును. అతనికి రేటుకార్డు పంపుటయా, మైకు ముందు కుర్చీ వేయుటయా యనునది ఎన్నికల వేడి పుట్టకమునుపే ఊరివారు కూర్చుండి వ్రాసికొనవలసిన సంగతి.