పరస్థలమున సతీర్థ్యబంధము



మన బాలురును బాలికలును చదువు నిమిత్తము ఇల్లు విడిచి పోవుట క్రొత్త సంగతి కాదు. అయినను సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల, ఆసిఫాబాదు ప్రాంతములనుండి హైదరాబాదునకో, అంతకంటె దూరమునకో పోయిన బిడ్డకు తొలిమాసములలో కలుగు ఒంటరితనమును మనము లెక్కింపము. అన్నము సరిగా పెట్టుచున్నారా, రుసుము కట్టితివా యని అడుగుదుము. నీతో మాటలాడువారు కలరా యని అడుగము. మేము ఉపాధ్యాయులమై యుండిన కాలమున, సెలవులకు వచ్చిన పూర్వవిద్యార్థులు మాతో చెప్పుకొనిన కష్టములలో తిండిని గూర్చినవి తక్కువ. తమ యాసకు ఎవరైన నవ్వుదురేమోయని నోరు మెదపక కూర్చుంటిమనునవే యెక్కువ.

సంస్కృతమున సతీర్థ్యుడను మాట కలదు. తీర్థమనగా ఇచట గురువు. ఒకే గురువునొద్ద వసించువారు సతీర్థ్యులని పాణినీయము చెప్పుచున్నది. రక్తసంబంధము లేనివారికి చదువువలన కలుగు చుట్టరికమునకు మన పూర్వులు ప్రత్యేకముగా నొక పేరిడిరి. ఆ చుట్టరికము ఒక కప్పుక్రింద పండుకొనినంత మాత్రమున రాదు. కలిసి చదువుటవలన, కలిసి పాడుటవలన, కలిసి వాదించుటవలన వచ్చును.

ఇందుకు మన చరిత్రమే సాక్ష్యము. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున నాటి బోధనభాష ఉర్దూ. అంతకుముందే, 1901లో, హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము తెలుగు విద్యార్థులకు పుట్టినిల్లు వంటిదయ్యెను. హనుమాజీపేటలో 1931లో జన్మించి, సిరిసిల్ల, కరీంనగరములందు ఉర్దూ మాధ్యమమున చదివిన సి. నారాయణరెడ్డిగారు నగరమునకు వచ్చి ఆ నిలయముననే తెలుగు గ్రంథములను విరివిగా చదివిరి. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందినది ఆ విద్యార్థియే. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియానుండి బహిష్కృతులైన విద్యార్థులలో పలువురకు నాగపురము చోటిచ్చెను. వంగర గ్రామమువారైన పి.వి. నరసింహారావుగారు వారిలో నొకరు. కలిసి పాడిన పాటకై తమ చదువునే పణముగా పెట్టిన యువకులు వారు.

మరియొక సంగతి కులసంఘమైన మనకు మిక్కిలి విచార్యము. హైదరాబాదులోని రెడ్డి హాస్టలు 1918లో ఒక కులమువారి పూనికతో ఏర్పడినది. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు, అనగా నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు, ఆ హాస్టలులోనే పుట్టెను. ఒక కులము కట్టిన యింట తెలుగువారందరి సంస్థ పురుడు పోసికొనినది. అందువలన ఆ కులమునకు గౌరవము పెరిగినదే కాని తరుగలేదు.

కావున మేము విన్నవించున దొక్కటి. మన వసతిగృహములందు వారమున కొక సాయంకాలము విద్యార్థిసభ జరుగవలెను. పద్యపఠనము, వ్యాసపఠనము, బతుకమ్మ పాట, ఒగ్గుకథ, చిరుతల రామాయణము, ఎవరికి వచ్చినది వారు వినిపింపవలెను. ఆ సభకు అన్ని కులముల విద్యార్థులును రావలెను.

మన సొమ్ముతో అన్యుల పిల్లలకేల యని కొందరు పెద్దలు అడుగుదురు. గదులు, భోజనము సంఘనియమముల ప్రకారమే యుండనిండు. సభకు కావలసినది ఒక చాప, ఒక దీపము, నాలుగు పుస్తకములు. పదిమంది వచ్చినంత మాత్రమున దీపము వెలుగు తరుగునా? చదువు చెడునని మరికొందరి భయము. వారమున కొక గంట నోరు విప్పి మాటలాడిన విద్యార్థికి పరీక్షయందు గాని కొలువునందు గాని జంకు తగ్గునే కాని చదువు చెడదు.

ఆదిలాబాదు అడవులనుండి వచ్చు గోండు, కొలాము విద్యార్థులను మనము ప్రత్యేకముగా పిలువవలెను. పరిషత్తు పుట్టిన ఆ 1943లోనే మార్లవాయిలో హైమెన్‌డార్ఫుగారు గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రమును నెలకొల్పి, గోండీలో బోధనకు దారి తీసిరి. నాడు ఉర్దూ తరగతిలో మనవాడు ఎట్లు మౌనముగా కూర్చుండెనో, నేడు తెలుగు తరగతిలో గోండు బాలుడు అట్లే కూర్చుండును. మనము పడిన బాధను మరియొకరికి పెట్టుట న్యాయము కాదు. మన సభలో గోండీ పాటయు వినబడవలెను.

విద్యార్థులారా! మీ గదిప్రక్కన నిన్ననే వచ్చి, తలుపు వేసికొని కూర్చున్నవాడు ఒకడుండును. వాని కులము అడుగుటకు ముందు వాని ఊరి పాట యేదో అడుగుడు. పోషకులారా! ఈ సంవత్సరముననే ఈ సభలు ప్రారంభమగునట్లు తీర్మానింప ప్రార్థించుచున్నాము. స్వస్తి.