వృత్తివిద్య — దాతల కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



యువజనుల వృత్తివిద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నన్ను నియోగించిన కార్యనిర్వాహకవర్గమువారికి కృతజ్ఞుడను. నేను పండితుడను గాను. కంసాలి కుంపటి యెదుట పుట్టి పెరిగినవాడను. గావున నేనెఱిగినదానినే విన్నవించుకొందును.

ఇనుము, కఱ్ఱ, కంచు, శిల, బంగారము — ఈ యైదింటిని నమ్ముకొని మన పెద్దలు బ్రదికిరి. అప్పుడు మన పిల్లవానికి వేఱొక వృత్తిపాఠశాల యక్కఱ లేకుండెను. తండ్రి కొలిమియే బడి. తిత్తి యొత్తుటయే యక్షరాభ్యాసము. నేడు నాగలికి మాఱుగా ట్రాక్టరు వచ్చెను. తలుపులు కర్మాగారమునుండి, నగలు అచ్చుయంత్రమునుండి వచ్చుచున్నవి. తండ్రి చేతికే పని లేనప్పుడు కొడుకునకేమి నేర్పగలడు? మన యింటి బడి మూతపడుచున్నదని యొప్పుకొనక తప్పదు.

చేతిపని యొక్కటియే చాలదని మా యింట 1963లోనే తెలిసినది. ఆ సంవత్సరము జనవరిలో సువర్ణ నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 క్యారట్లకు మించిన క్రొత్త నగలు చేయరాదని శాసించెను. మన దేశమున మేలిమి నగలు తప్ప నడుగువారెవరు? కుంపట్లు చల్లారెను. దేశమంతటను స్వర్ణకారులు పనిలేక యల్లాడిరి. ప్రాణములు తీసికొన్నవారును గలరు. తరువాత నిబంధనలు కొంత సడలినను, 1968లో చట్టమైన యా నియంత్రణము 1990లో గాని రద్దు కాలేదు. మా తండ్రిగారు ఆకురాయి, పట్టకారు, ఊదుగొట్టము గుడ్డలో మూటగట్టి యటకపై నుంచి, ధాన్యపు మిల్లులో కాటాకడ కూలికి కుదిరిరి. గురిగింజయెత్తు తేడాను కంటితోనే పట్టగల చేయి, బస్తాలు తూచినది! వారికి నైపుణ్యము లేక కాదు. ఆ నైపుణ్యమును మఱియొక పనికి మరల్చుకొను శిక్షణము, చూపుకొనుటకొక యోగ్యతాపత్రము లేకపోయెను.

నేడు మార్గములు లేకపోలేదు. ఐ.టి.ఐ.లలో వెల్డరు పని యొక సంవత్సరము, ఫిట్టరు, ఎలక్ట్రీషియను పనులు రెండేసి సంవత్సరములు నేర్పుచున్నారు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి భృతితో కర్మాగారములలో పని నేర్వవచ్చును. తిరుపతిలో దేవస్థానమువారి శిల్ప కళాశాల యున్నది. 17 సెప్టెంబరు 2023న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకమున 18 చేతివృత్తులకు శిక్షణము, దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతము వడ్డీకి ఋణము నేర్పఱుపబడినవి.

ఇన్ని యుండగా దాతల యవసరమేమని కొందఱడుగుదురు. ఆ పథకమున ప్రాథమిక శిక్షణము అయిదు మొదలు ఏడు దినములు. ఉన్నత శిక్షణము పదునైదు దినములు, లేక అంతకు కొంత మించి. చేయి తిరిగినవానికది మెఱుగు; క్రొత్తవానికది చాలదు. మఱియు కుటుంబమున కొక్కరికే యది లభించును. తండ్రి పొందినచో, పెండ్లికాని కొడుకునకు లేదు.

ఇంకొక మాట చెప్పుటకు సిగ్గుపడుచున్నాను, అయినను చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట మా యూరి వడ్రంగి కుమారుడొకడు పట్టణమున ఫిట్టరు తరగతిలో చేరెను. చోటు దొరకినది గాని, గది యద్దెకును భోజనమునకును దారి లేదు. రెండవ యేట మా స్థానిక సంఘమును సాయమడిగెను. అప్పుడు కోశాధికారిని నేనే. ఆ యేటి సొమ్మంతయు సంఘభవనపు ముఖద్వారమునకు వెచ్చించితిమి. "వచ్చే యేడు చూతము, నాయనా" అంటిని. వచ్చే యేటికి వాడు చదువు మానెను. నేడు పరుల ఆటో నడుపుచున్నాడు. ఆ ద్వారముపై నా పేరు చెక్కబడియున్నది. దానిక్రిందుగా పోవునపుడెల్ల నాకు వాడే జ్ఞప్తికి వచ్చును.

కావున దాతలకు మూడు మనవులు. మొదటిది: పట్టణములలో వృత్తివిద్య నేర్చు మన బాలురకును బాలికలకును వసతి, భోజనము, దారిఖర్చు ఏర్పఱుపవలయును, అది చదువు ముగియు వఱకు తెగకుండవలయును. రెండవది: ఉత్తీర్ణులైనవారికి పనిముట్ల పెట్టె నీయవలయును. మూడవది ధనము లేనివారును చేయదగినది. కార్ఖానా, నగల దుకాణము గల ప్రతి సోదరుడును ఏటికిద్దఱిని జీతముపై చేర్చుకొని, ఆఱు మాసములు పని చూపవలయును. బంగారపు పనిలోనే చూడుడు: 1 ఏప్రిల్ 2023 మొదలు హాల్‌మార్కు నగపై ఆఱు వర్ణముల గుర్తింపుసంఖ్య యుండవలయుననిరి. మేలిమి పరీక్ష, కంప్యూటరుపై నగల నమూనాలు గీయుట మున్నగు క్రొత్త పనులు మన పిల్లలకు దగినవే; చూపువారే కావలయును.

దాతలు లెక్క యడుగుట న్యాయము. ఎందఱు చేరిరి, ఎందఱు ముగించిరి, ఎందఱికి పని దొరకెను, ఎందఱు నడుమ మానిరి — అన్నియు మఱుసటి యేటి సంచికలో ప్రకటింపవలయును. మానినవారి లెక్క దాచరాదు. పుచ్చుకొను పిల్లవానిని మాత్రము వేదిక నెక్కించి తల వంపించవలదు. వాడు సంపాదనపరుడైన నాడు మఱియొకని చదువు భరించిన, అదియే ఋణము తీఱుట.

ఈ సాయము మన గడప దాటరాదా యని కొందఱి సందేహము. మన తాతలు నాగలి చేయునపుడు రైతు కులమడిగి చేసిరా? మన బిడ్డలకు మొదట దారి చూపుదము. మన కార్ఖానాలలో పొరుగు బిడ్డకును చోటిత్తము.

సోదరులారా! నేటి సాయంకాలము చందాల పుస్తకము మీ ముందునకు వచ్చును. ద్వారములు చాలినన్ని కట్టితిమి. ఈ యేడు వాని క్రిందుగా నడచిపోవు పిల్లలను జూతము.