దేవహూతి కన్నీరు

భాగవతం తృతీయస్కంధంలో కర్దమ ప్రజాపతి ధర్మపత్ని దేవహూతి. ఆమె కుమార్తెలు తొమ్మండుగురు. వారిలో అరుంధతి ఒకతె. పెండ్లిలో పురోహితుడు వధూవరులకు చూపించే నక్షత్రం ఆ తల్లి బిడ్డే! (పట్టపగటి ముహూర్తానికీ చూపిస్తారు, అది వేరు మాట.) కూతుళ్ళు అత్తవారిండ్లకు తరలిపోయారు. భర్త సన్యసించి అడవికి వెళ్ళాడు. మిగిలినవాడు ఒక్క కొడుకు, కపిలుడు, సాక్షాత్తు శ్రీహరి. ఆయనకే శిష్యురాలై తత్త్వమంతా గ్రహించింది. అయినను ఆ కొడుకూ సెలవు పుచ్చుకొని వెళ్ళినపుడు, దూడను బాసిన గోవువలె తల్లడిల్లిందని వ్యాసులవారు దాచక చెప్పారు. జ్ఞానికి దుఃఖమేమిటని కొందరు అడుగుతారు. ఆమె తల్లి కదా! ఆ బిడ్డనే హరిగా ధ్యానిస్తూ ముక్తి పొందింది. ఆ చోటే గుజరాతులోని సిద్ధపురమని పెద్దలమాట. దానికే మాతృగయ అని పేరు. నేటికీ కొడుకులు అక్కడికి వెళ్ళి తల్లికి పిండం పెడతారు.